ఉపాధ్యాయ శిక్షణలో వ్యక్తీకరణ కళలు: ఒక నైతిక పరిశీలన
(నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాస సంగ్రహం

ఛాత్రోపాధ్యాయుల మానసిక క్షేమానికీ, వృత్తిపరమైన ఎదుగుదలకూ చిత్రలేఖనం, పాట, నాటకం, స్వీయరచన వంటి కళాకృత్యాలు తోడ్పడతాయన్న అభిప్రాయం నేటి పాఠ్యప్రణాళికల్లో స్థిరపడింది. ఆ కృత్యాలను ఏ షరతుల మీద చేయించడం న్యాయమన్నది దానితో పాటు తేల్చుకోవలసిన ప్రశ్న. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కళాసంప్రదాయాలను, భారతీయ రససిద్ధాంతాన్ని, ఆధునిక నీతిచింతనను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: ఛాత్రోపాధ్యాయులు, వ్యక్తీకరణ కళలు, నాటుపాట, సాధారణీకరణం, మౌనహక్కు, నైతిక దృష్టి.

1. ఉపోద్ఘాతం

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో రూపొందించిన నిబంధనలతో బి.ఇడి. శిక్షణ ఏడాది నుంచి రెండేళ్ళకు పెరిగింది. పాఠశాలల్లో గడపవలసిన కాలం మొత్తం 20 వారాలయింది. సిద్ధాంత పత్రాలతో పాటు వృత్తి సామర్థ్యాల పెంపు పేరిట నాలుగు ఆచరణాత్మక అంశాలు చేరాయి. గ్రంథపఠనం–పర్యాలోచన, విద్యలో నాటకం–కళలు, సమాచార సాంకేతికత, ఆత్మావగాహన అన్నవి ఆ నాలుగు. వీటిలో రెండవదీ నాల్గవదీ ఈ చర్చకు ముఖ్యమైనవి. ఉపాధ్యాయుడు కాబోయే వ్యక్తి పాఠం చెప్పే నేర్పును మాత్రమే సంపాదిస్తే చాలదు, తన్ను తాను తెలుసుకోవాలి, అందుకు కళ ఒక సాధనం అన్న ఆలోచన ఈ అంశాల వెనుక ఉంది.

ఈ ఆలోచన ఆచరణలోకి వచ్చే నేల ఎలాంటిదో గుర్తించాలి. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనలో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ అదే రోజున విడిపోయి, 2019లో నారాయణపేట ఏర్పడటంతో ప్రధానంగా ఐదు జిల్లాలుగా మిగిలింది. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం నెలకొన్నాయి. ఇంటర్, డిగ్రీ దాటి శిక్షణ కళాశాల గడప తొక్కిన మొదటి తరం యువతీయువకులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. వారి ఇళ్ళలో వలస ఉంది, ఎండిన బోరుబావి ఉంది, కొన్ని పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు మిగిల్చిన నడుమునొప్పీ వంకర కాళ్ళూ ఉన్నాయి. ‘మీ జీవితాన్ని ఒక నదిగా గీయండి’ అని వారి చేతికి కాగితం, రంగులు ఇచ్చినప్పుడు ఆ నదిలోకి ఏమేమి కొట్టుకొని వస్తాయో ఊహించడం కష్టం కాదు. వాటిని బయటికి రప్పించే అధికారం ఎవరికి ఉంది, వచ్చిన తరువాత వాటి పట్ల బాధ్యత ఎవరిది అన్నవే ఇక్కడి నైతిక ప్రశ్నలు.

2. నాటుపాట లేవనెత్తే ప్రశ్న

శ్రమకూ కళకూ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడానికి ఈ ప్రాంతంలో నాటుపాటను మించిన ఉదాహరణ లేదు. మోకాటి లోతు బురదలో నడుములు వంచి నాట్లు వేసే స్త్రీలలో ఒకరు పాట ఎత్తుకుంటారు, తక్కినవారు అందుకుంటారు. పాటతో చేతుల కదలిక ఒక లయకు వస్తుంది. నొప్పి కొంత మరుగున పడుతుంది. పని వేగంగా సాగుతుంది. ఇంతవరకు పాట మేలు చేసిందనే అనాలి. అయితే ఆ వేగం వల్ల వచ్చిన లాభం ఎవరికి చేరిందన్నది పాటను బట్టి తేలదు. రోజుకూలి పద్ధతిలో అది ఆసామికి చేరుతుంది. గుత్తకు పట్టిన నాటులో అది నాటు వేసిన స్త్రీలకే మిగులుతుంది. పాట అదే, గొంతులు అవే. పని ఒప్పందం మారితే పాట చేసే మేలు చేతులు మారుతుంది.

శిక్షణ కళాశాలలోని కళాకృత్యానికి కూడా ఈ వివేచన వర్తిస్తుంది. తెలంగాణలో ఉపాధ్యాయ నియామకాలకు 2017లో 8,792 పోస్టులతో ప్రకటన వెలువడింది. 2023లో 5,089 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయి, 2024లో 11,062 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. అంటే 2017 తరువాత శిక్షణ పూర్తిచేసినవారు పెద్ద ఎత్తు నియామకం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఈ కాలంలో ఛాత్రోపాధ్యాయుల్లో కనిపించే ఆందోళనను వారి మనసుకు సంబంధించిన బలహీనతగా మాత్రమే చూస్తే కారణాన్ని వదిలి లక్షణాన్ని పట్టుకున్నట్లవుతుంది. ఉద్యోగం రాదేమోనన్న భయాన్ని ఎరుపు, నలుపు రంగుల్లో చిత్రించినంత మాత్రాన ఖాళీలు భర్తీ కావు. క్షేమం పేరిట జరిగే కళాకృత్యం ఆ భయాన్ని నోరెత్తకుండా భరించే ఓర్పును మాత్రమే నేర్పితే, అది రోజుకూలికి పాడించిన నాటుపాట అవుతుంది.

అమెరికన్ సామాజికశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ప్రచురించిన గ్రంథంలో విమాన పరిచారికల వృత్తిని పరిశీలించి, చిరునవ్వును కూడా ఉద్యోగధర్మంగా చేసే శ్రమను ‘భావోద్వేగ శ్రమ’గా నిరూపించారు. ఉపాధ్యాయ వృత్తిలోనూ ఈ శ్రమ ఉంది. కోపం వచ్చినా సహనం చూపాలి, దిగులు ఉన్నా ఉత్సాహంగా తరగతిలోకి అడుగుపెట్టాలి. ఛాత్రోపాధ్యాయునికి పాఠం చెప్పేటప్పుడు ఒక శ్రమ, ‘స్వేచ్ఛగా మనసు విప్పండి’ అన్న గంటలో మరొక శ్రమ ఏర్పడితే, ఉపశమనం కోసం ఉద్దేశించినదే అదనపు భారమవుతుంది.

అయితే ఈ విమర్శను పట్టుకొని కళనే తోసిపుచ్చడం తొందరపాటు. నాటు వేసే స్త్రీ పాట పాడి మోసపోవడం లేదు. కూలి ఎంతో, పొద్దు ఎంత వాలిందో ఆమెకు తెలుసు. అత్త ఆరళ్ళను, దొర దౌష్ట్యాన్ని, పుట్టింటి మీది బెంగను ఆమె ఆ పాటలోనే లెక్కపెడుతుంది. నల్లగొండ ప్రాంతమే దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యం ఇచ్చింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని తీసుకొని వెట్టిచాకిరీ బాధను ప్రజల ముందు పెట్టారు. 1946–51 నాటి సాయుధ పోరాట కాలంలో ఇలాంటి కళారూపాలు ఊరూరా తిరిగాయి. అక్కడ పాట బాధను జోకొట్టలేదు, దాన్ని నలుగురికీ చెందిన ప్రశ్నగా మార్చింది. కళ ఓదార్పునిస్తుందా, మేల్కొల్పుతుందా అని విడదీసి అడగడం కంటే, పాడేవారికి ఆ పాట మీద ఎంత హక్కు ఉన్నదని అడగడం ఉచితం. మొదలుపెట్టడం, ఆపడం, ఏమి చెప్పాలో నిర్ణయించడం పాడేవారి చేతిలో ఉన్నప్పుడు ఓదార్పూ మేల్కొలుపూ ఒకదానికొకటి అడ్డు రావు.

3. శోకం, శ్లోకం, దూరం

కళ అలసినవారికి విశ్రాంతినిస్తుందన్న భావన మన అలంకారశాస్త్రానికి కొత్త కాదు. దుఃఖంతో, శ్రమతో, శోకంతో కుంగినవారికి నాట్యం విశ్రాంతిని కలిగిస్తుందని భరతుడు నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. అయితే ఆ విశ్రాంతి ఎలా కలుగుతుందన్న విషయంలో తరువాతి ఆలంకారికులు చేసిన చర్చ నేటి శిక్షణ కళాశాలకు ఎక్కువ ఉపకరిస్తుంది.

వాల్మీకి శోకం శ్లోకమయిందని ఆనందవర్ధనుడు అన్నాడు. ఆ సందర్భాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు లోచనంలో ఒక హెచ్చరిక చేశాడు. ఆ శోకాన్ని ముని వ్యక్తిగత శోకంగా భావించరాదు, ముని తానే దుఃఖంలో మునిగి ఉంటే రసానికి చోటుండేది కాదన్నది దాని సారాంశం. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం కూడా ఇటే నడుస్తుంది. నాది, పరునిది అన్న పరిమితి తొలగినప్పుడే భావం ఆస్వాద్యమవుతుంది. ఈ సిద్ధాంతం రసికుని అనుభవాన్ని వివరించడానికి పుట్టిందే కాని, మనోవ్యథకు చికిత్సగా పుట్టలేదు. ఆ పరిమితిని ఒప్పుకొంటూనే ఇందులోని ఒక సూచనను స్వీకరించవచ్చు. గాయాన్ని ఉన్నదున్నట్టు బయటపెట్టడం, దానికి ఒక రూపం కల్పించడం రెండు వేర్వేరు పనులు. రెండవ దానిలో చెప్పేవారికీ గాయానికీ నడుమ కొంత దూరం ఏర్పడుతుంది. ఆ దూరమే రక్షణ.

ఆధునిక మనస్తత్వశాస్త్రం నుంచి వచ్చిన ఒక ప్రయోగం ఈ సూచనకు మరో వైపు నుంచి బలమిస్తుంది. జేమ్స్ పెన్‌బేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమ జీవితంలోని బాధాకర సంఘటనలను రాశారు. సంఘటనతో పాటు భావోద్వేగాన్ని కూడా రాసినవారు తరువాతి నెలల్లో ఆరోగ్యకేంద్రానికి వెళ్ళడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వారి మనఃస్థితి మరింత కుంగింది. వ్యక్తీకరణ ఆటవిడుపు కాదని, దానికి ముందు జాగ్రత్త, తరువాత తోడు అవసరమని దీన్ని బట్టి గ్రహించాలి. నలభై నిమిషాల పీరియడ్‌లో ఒకరి మనసును కదిలించి, గంట కొట్టగానే తరువాతి తరగతికి పంపడం మంచి ఉద్దేశంతో చేసినా నిర్లక్ష్యమే.

తోలుబొమ్మ చేతికిచ్చి బొమ్మ చేత మాట్లాడించడం, సొంత కథను ప్రథమ పురుషలో రాయించడం, పురాణపాత్ర మీద పెట్టి చెప్పించడం వంటి పద్ధతులు అందువల్ల కేవలం బోధనా చమత్కారాలు కావు. చెప్పదలచుకున్నది చెప్పే వీలును, చెప్పినది తనదని ఒప్పుకోనవసరం లేని వీలును అవి ఒకేసారి కల్పిస్తాయి.

4. చెప్పకుండా ఉండే హక్కు

కళాకృత్యం పాఠ్యప్రణాళికలో అంశమయ్యాక దానికి మార్కులు వస్తాయి, రికార్డు వస్తుంది, సంతకాలు వస్తాయి. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ‘నన్ను నేను తెలుసుకోవడం’ అన్న శీర్షిక కింద ఒక ఛాత్రోపాధ్యాయురాలు తండ్రి వలసపోయిన సంవత్సరం గురించి రాసిందనుకుందాం. ఆ పుటను అధ్యాపకుడు దిద్దుతాడు. పరీక్షకుడు తిరగేస్తాడు. ఆ తరువాత అది కళాశాల బీరువాలో ఉంటుంది. ఎక్కువ బాధ రాస్తే ఎక్కువ మార్కులు వస్తాయన్న భావన ఒకసారి ఏర్పడితే దుఃఖం కూడా హోంవర్క్ అవుతుంది. బాధ లేనివారు కల్పిస్తారు. నిజంగా ఉన్నవారు దాన్ని అమ్ముకున్నట్టు లోలోపల నొచ్చుకుంటారు.

బాధను ప్రదర్శనకు పెట్టడం ఎలా ఉంటుందో నల్లగొండకు అనుభవం. ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. ఆ సమస్య మీద వెలువడిన వార్తల్లో, నివేదికల్లో వంగిపోయిన దేహాల ఛాయాచిత్రాలు లెక్కలేనన్ని. ఆ చిత్రాలు లోకాన్ని కదిలించి ఉండవచ్చు. కాని కెమెరా ముందు ఎన్నోసారి నిలబడిన మనిషికి అది స్వీయవ్యక్తీకరణ అనిపించదు. ఎవరి చేతిలో కెమెరా ఉన్నదో, ఏ చిత్రం బయటికి వెళ్ళాలో నిర్ణయించేది ఎవరో అన్నదాన్ని బట్టి వ్యక్తీకరణకూ ప్రదర్శనకూ తేడా తెలుస్తుంది.

మనిషిని ఎన్నడూ సాధనంగా మాత్రమే వాడుకోరాదని, లక్ష్యంగా కూడా చూడాలని కాంట్ 1785లో సూత్రీకరించాడు. ఛాత్రోపాధ్యాయుని ఆంతరంగిక జీవితం కళాశాల గుర్తింపు నివేదికకు సాధనం కావడం ఆ సూత్రానికి విరుద్ధం. కాబట్టి వ్యక్తీకరణ హక్కుతో పాటు మౌనహక్కును కూడా గుర్తించాలి. దీనికి పరాయి నమూనాలు వెతకనక్కరలేదు. బతుకమ్మ చుట్టూ చేరిన వలయంలో పాట చెప్పేవారు ఉంటారు, వంత పలికేవారు ఉంటారు, చప్పట్లు మాత్రమే కొడుతూ అడుగు కలిపేవారూ ఉంటారు. చప్పట్లు కొట్టినామె పాడలేదని ఎవరూ ఎంచరు. ఆమె వలయంలోని మనిషే. పాడకపోయినా చెందివుండే వీలు ఆ కళారూపం నిర్మాణంలోనే ఉంది. శిక్షణ తరగతి నేర్చుకోవలసిన మర్యాద అది.

5. కళ, కులం, గౌరవం

స్థానిక కళలను తరగతిలోకి తేవాలన్న సూచన ఆకర్షణీయమైనది, సమంజసమైనది కూడా. కాని ఈ ప్రాంతపు కళారూపాల్లో చాలావాటికి కులంతో ముడి ఉంది. చిందు యక్షగానం, డక్కలి కిన్నెర, ఒగ్గుకథ, గొల్లసుద్దులు ఆయా సమూహాల జీవనాధారాలుగా, కొన్ని చోట్ల వారిపై మోపిన కట్టుబాట్లుగా కూడా సాగాయి. అలాంటి కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థిని ‘మీ కళ చూపించు’ అని నలుగురిలో అడిగితే, అది గౌరవంగా తోచవచ్చు, తాతలనాటి పిలుపు మళ్ళీ వినబడినట్టూ తోచవచ్చు. ఏది అవుతుందో అడిగినవారి ఉద్దేశం నిర్ణయించదు, వద్దనగలిగే వీలు నిర్ణయిస్తుంది. అదే సమయంలో, ఆ చరిత్ర తెలియని విద్యార్థులు వేషభాషలను మాత్రమే అనుకరించి చప్పట్లు కొట్టించుకుంటే కళ దాని మనుషుల నుంచి వేరవుతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ గుర్తింపు శిక్షణ కళాశాలలకు ఒక దారి చూపుతుంది. కళాకారుని గురువుగా పిలవాలి, కుర్చీ వేయాలి, పారితోషికం ఇవ్వాలి, పాటతో పాటు ఆ పాట బతికిన పరిస్థితులను ఆయన నోటనే వినాలి. అప్పుడు ఛాత్రోపాధ్యాయులు ఒక కళారూపాన్ని మాత్రమే కాక, జ్ఞానం డిగ్రీ లేనివారి దగ్గర కూడా ఉంటుందన్న సత్యాన్ని నేర్చుకుంటారు.

గౌరవానికీ వ్యక్తీకరణకూ ఉన్న సంబంధాన్ని పాలమూరు మరొక విధంగా నిరూపించింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అవమానం పొందినవారికి ఓదార్పు మాటలు చెప్పడం కంటే వారి రచనలను ఒకచోట చేర్చి లోకం ముందు పెట్టడం పెద్ద మేలు. తమ మాటకు విలువ ఉన్నదని తెలియడమే క్షేమానికి గట్టి పునాది.

6. చూపు మారడమే ఎదుగుదల

ఇక ‘ఎదుగుదల’ అన్న మాటను పరిశీలించాలి. కళాకృత్యం వల్ల ఆత్మవిశ్వాసం, వాగ్ధాటి పెరుగుతాయని చెప్పడం పరిపాటి. అవి ప్రయోజనాలే కాని నైతికమైన ఎదుగుదల వేరు. ఐరిస్ మర్డోక్ 1970 నాటి తన గ్రంథంలో దీనికి ఒక అత్తాకోడళ్ళ ఉదాహరణ ఇచ్చారు. కోడలు మొరటుదని అత్తకు లోపల చిన్నచూపు. పైకి మాత్రం ఆమె ప్రవర్తనలో లోటు లేదు. కొంతకాలానికి ఆ అత్త తన చూపులోనే దోషముందేమోనని మళ్ళీ శ్రద్ధగా చూడటం మొదలుపెడుతుంది. మొరటుతనంగా తోచినది నిష్కపటత్వంగా కనిపిస్తుంది. బయటికి ఏ పనీ మారలేదు, అయినా నైతికంగా ఎంతో మారింది. న్యాయంగా చూడటానికి చేసే ప్రయత్నమే నీతికి మూలమని మర్డోక్ అభిప్రాయం.

వ్యక్తీకరణ కళ ఉపాధ్యాయునికి నేర్పగలిగినది ఈ చూపునే. ఒక పిల్లవాని ముఖాన్ని గీయాలంటే ముందు ఆ ముఖాన్ని చూడాలి. ‘వెనుకబడినవాడు’ అన్న ముద్రను చూస్తూ ముఖం గీయడం సాధ్యం కాదు. భాష విషయంలో ఇది మరింత స్పష్టం. పాలమూరు బిడ్డ పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ కథల్లో ఆ ప్రాంతపు పలుకుబడిని సాహిత్యభాషగా నిలబెట్టారు. ఇంట్లో మాట్లాడే నుడిలో ఒక పుట రాసి, దాన్ని తరగతిలో చదివి, నవ్వులపాలు కాకుండా బయటపడిన ఛాత్రోపాధ్యాయుడు రేపు తన తరగతిలో పిల్లవాడు అదే నుడిలో జవాబు చెప్పినప్పుడు తప్పు పట్టే ముందు ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణమే శిక్షణ ఫలం. అది ఏ పరీక్షలోనూ కొలతకు దొరకదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. కళాసక్తి గలవారంతా దయ గలవారు కారని లోకానుభవం. కవిత్వం రాసే ఉపాధ్యాయుడు బెత్తం పట్టవచ్చు. ఇది నిజమే. కళ సద్గుణాన్ని తనంతట తాను పుట్టించదు. తన పని మీద మాత్రమే దృష్టి నిలిపిన కళాభ్యాసం అహంకారాన్నీ పెంచవచ్చు. అందువల్ల శిక్షణలో సృష్టికి ఇచ్చినంత చోటు వినడానికీ ఇవ్వాలి. ఇతరుల పాటకు వంత పలకడం, ఇతరుల కథలో చిన్న పాత్ర వేయడం, ఇతరుల బొమ్మ ముందు తీర్పు చెప్పకుండా కాసేపు నిలబడటం కూడా కళాకృత్యాలే.

7. ఆచరణకు కొన్ని నియమాలు

పై చర్చ నుంచి కొన్ని ఆచరణ నియమాలను రాబట్టవచ్చు. మొదటిది, పాల్గొనడంలో మౌనానికి చోటుండాలి. రెండవది, మార్కులు తప్పనిసరైతే వాటిని కళాప్రయత్నానికి, హాజరుకు పరిమితం చేయాలి, బయటపెట్టిన జీవితానికి మార్కులు వేయరాదు. స్వీయరచన పుస్తకం రాసినవారి సొత్తు, రికార్డుకు ఏ పుట ఇవ్వాలో వారే ఎంచుకోవాలి. మూడవది, అధ్యాపకులు కూడా కృత్యంలో కూర్చోవాలి, తాను గీయని బొమ్మను ఇతరుల చేత గీయించడంలో అధికారం ఉంటుందే తప్ప సాహచర్యం ఉండదు. నాల్గవది, కళకు అందని వేదన ఎదురైనప్పుడు నిపుణులకు అప్పగించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో అందుబాటులో ఉంది. ఆ నంబరు తరగతి గోడ మీద ఉండటం కళాకృత్యానికి అవమానం కాదు. ఐదవది, వ్యక్తీకరణలో పదేపదే వినబడిన ఫిర్యాదులు, అంటే బస్సు లేని ఇంటర్న్‌షిప్ పాఠశాల, చెల్లించలేని రుసుము, మరుగుదొడ్డి లేని భవనం వంటివి, పేర్లు లేకుండా కళాశాల యాజమాన్యం ముందుకు వెళ్ళాలి. విన్నదాని మీద ఏదో ఒకటి చేసే ఏర్పాటు లేకుండా మనసు విప్పమనడం సగం ధర్మమే.

8. ముగింపు

ఛాత్రోపాధ్యాయుల క్షేమానికి కళలను వినియోగించడం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. నాటుపాటలాగే అది చేసే మేలు దాని చుట్టూ ఉన్న ఒప్పందం మీద ఆధారపడుతుంది. సహనాన్ని పిండుకోవడానికి వాడిన కళ, ఎంత అందంగా ఉన్నా, అన్యాయానికి తోడ్పడుతుంది. మౌనానికి చోటిచ్చి, రూపం ద్వారా దూరాన్ని కల్పించి, కళాకారుని గౌరవించి, విన్నదానికి బాధ్యత వహించే కళ మనిషికి ఊరటనిస్తుంది, అతని చూపునూ సరిచేస్తుంది. అలాంటి శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బడికి వెళ్ళినప్పుడు, పిల్లల గొంతులోని మాటకూ గొంతు దాటని మాటకూ కూడా చెవి ఒగ్గుతాడు. ఉపాధ్యాయ విద్యలో కళలకు ఇచ్చిన స్థానం సార్థకమైందో లేదో తెలిసేది ఆ బడిలోనే.